పిహెచ్.డి. తరువాత కూడా ఒక మెట్టుంది



కొత్తపేటలో మన స్టడీ అవర్‌లో నేను ఎన్నడూ వినని మాట ఒకటి విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.జి.లో చేరాక విన్నాను: పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్. డాక్టరేటు వచ్చినవారు మరో రెండు మూడేళ్ళు ఒక ఆచార్యుల దగ్గర పరిశోధన చేస్తూ నెలనెలా అందుకునే భృతి ఇది.

మా విభాగంలో పిహెచ్.డి. పూర్తిచేసిన ఒక అక్క దీనికోసం వెతుకుతుంటే నేను పక్కన కూర్చుని కాగితాలు సర్దిపెట్టాను. అప్పుడు తెలిసినవి చెబుతున్నాను.

పెద్ద విశ్వవిద్యాలయంలో ఈ అవకాశాలన్నీ ఒకే నోటీసు బోర్డు మీద ఉండవు. దారులు రెండు. ఒకటి, ఆచార్యుల ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్ ఉద్యోగం. ఆ ప్రకటన విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో వస్తుంది. రెండోది, జాతీయ సంస్థల ఫెలోషిప్. యు.జి.సి. 2022లో డాక్టర్ రాధాకృష్ణన్ పేరుతో ప్రకటించిన పథకంలో 900 స్థానాలు, నెలకు 50,000 రూపాయలు, గడువు మూడేళ్ళు. సాంఘిక శాస్త్రాలవారికి ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. ఫెలోషిప్పులున్నాయి. వీటికి వయోపరిమితి ఉంటుంది, ఎస్.సి., ఎస్.టి.లకు సడలింపు ఎంతో ప్రకటనలో చూసుకోవాలి.

ఇలాంటివాటికి ముందు కావలసింది మనల్ని చేర్చుకుంటామని ఒక ఆచార్యులు ఇచ్చే అంగీకార పత్రం. అందుకని అక్క పదకొండు మందికి ఉత్తరాలు రాసింది. ఒక్కొక్కటి ఒకే పేజీ: నా థీసిస్‌లో తేలినదేమిటి, మీ వ్యాసాల్లో నేను చదివినదేమిటి, మీ దగ్గర చేయదలచినదేమిటి. నలుగురు జవాబిచ్చారు, ఒకరు ఒప్పుకున్నారు. ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా పాత ఫెలోషిప్ ఆగిపోయి, అక్క గెస్టు లెక్చరరుగా పాఠాలు చెబుతోంది. థీసిస్ ఇవ్వడానికి ఆరు నెలల ముందే వెతకడం మొదలుపెట్టమని ఆమె నాకిచ్చిన సలహా.

మన జిల్లాకు పేరైన అంబేద్కర్ గారు కూడా 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతోనే కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. గడువు ముగియగా 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి వచ్చి, 1920లో మళ్ళీ వెళ్ళి పూర్తిచేశారు. అంతటి మేధావికీ భృతి గడువు అడ్డొచ్చింది.

నాకిప్పుడు ఇరవై మూడేళ్ళు. నాన్న కొబ్బరి ఒలుపు పనికి వెళ్తారు. మా ఇంట్లో డిగ్రీ చేసినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఇంటి అప్పుంది, చెల్లి పెళ్ళుంది. "ఇంకెన్నాళ్ళు చదువుతావురా?" అని అమ్మ అడిగితే, నెట్ రాసి జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుంటే నెలకు 37,000 ఇస్తారని చెప్పాను. "చదివినందుకు ఎదురు డబ్బిస్తారా?" అని ఆశ్చర్యపోయి, ఒక్క ఏడాది చూడమంది. ఆ ఏడాదే ఇప్పుడు నడుస్తోంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! డబ్బు లేదని చదువు ఆపే ముందు, ఆ చదువుకు డబ్బిచ్చేవారున్నారేమో ఒక్కసారి అడగండి. పరిశోధనలో ఉన్న పూర్వ విద్యార్థులకు నా మనవి: మీకు తెలిసిన ప్రతి ప్రకటననూ మన హాస్టల్ గోడకు చేర్చండి. ఆ కబురు అందక ఆగిపోయేవారు మనలో ఒక్కరు కూడా ఉండకూడదు.