మా మడులకు డబ్బు ఎక్కడి నుండి వచ్చింది

మార్కాపురంలో పలకల రాతి ముక్కలు లేని పెరడు అరుదు. మా ఇంటి వెనుక స్థలంలోనూ అవే. వాటిని ఏరిపోసి, చెరువు మట్టి తోలించి, మేము పదకొండు మంది ఆడవాళ్లం మూడేళ్ల క్రితం ఆకుకూరల మడులు కట్టుకున్నాం. అందరం డ్వాక్రా సంఘాల వాళ్లమే.

కారణం ఫ్లోరైడ్. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. మా పశ్చిమ ప్రాంతంలో చాలా ఊళ్ల బోర్లు ఆ గీత దాటినవే. మాలో పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, మోకాళ్లు వంచి సజ్దా చేయలేక కుర్చీలో నమాజు చేస్తుంది. మునగాకు, రాగులు, ఉసిరి ఎముకలకు బలమని విన్నాం. చింతపండు ఒంట్లోని ఫ్లోరైడ్‌ను మూత్రంలో ఎక్కువగా బయటికి పంపుతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి చెప్పారు. ఇవేవీ మంచినీటికి బదులు కావు, కానీ వెలిగొండ నీళ్లు వచ్చేదాకా వంటింట్లో చేయగలిగింది చేయాలి కదా!

మొదట ఒక సంస్థ మాకు సాయం ఇచ్చింది. సొమ్ము ఫిబ్రవరిలో వచ్చింది, మార్చి నెలాఖరులోగా ఖర్చు చూపాలన్నారు. కంచెకు, బోర్డుకు, శిక్షణకు పద్దులు ఉన్నాయి. నీళ్ల తొట్టికి లేదు. ఎండలు ముదిరేసరికి పాలకూర, మెంతికూర మాడిపోయాయి. బోర్డు మాత్రం నేటికీ నిగనిగలాడుతోంది.

రాష్ట్రంలో పెద్ద పని జరగలేదని కాదు. రైతు సాధికార సంస్థ 2016 నుండి మహిళా సంఘాల ద్వారా ప్రకృతి సేద్యం నేర్పుతోంది. అజీమ్ ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ, జర్మనీ అభివృద్ధి బ్యాంకు దానికి అండగా నిలిచాయి. 2024లో గుల్బెంకియన్ బహుమతిని పంచుకున్నవారిలో మన రాష్ట్ర కార్యక్రమంతో పాటు ఈజిప్టుకు చెందిన సెకెమ్ కూడా ఉంది. 1977లో ఇబ్రాహీం అబులేష్ కైరో దగ్గరి ఎడారి ఇసుకలో మొదలుపెట్టిన సేద్యం అది. ఆ సంగతి విని ఖాలా, "ఇసుకలో పండిస్తే రాళ్లలో పండదా?" అంది.

రెండో ఏడు మా డబ్బుతోనే మొదలుపెట్టాం. వారానికి మనిషికి యాభై రూపాయలు. తొట్టి ముందు, విత్తనం తరువాత. జీవామృతం దగ్గర చిన్న చిక్కు వచ్చింది. పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలపాలి. బట్టలకు అంటితే నమాజు సంగతేమిటని కొందరు వెనకాడారు. ఖాలా ఒక పాత చీరను మడుల పనికే కేటాయించి, పని కాగానే స్నానం చేసి వచ్చేది. అందరం అదే పద్ధతి పట్టాం.

మూడో ఏడు మరొక ప్రశ్న. జకాత్ సొమ్ము ఈ తోటకు పెట్టవచ్చా? జకాత్ అర్హుల చేతికి, వారి సొంతమయ్యేలా చేరాలని, అందరి మడులకు సదఖా వాడుకోమని మా ఇమాం సాహెబ్ చెప్పారు. అది మాకు సబబుగా తోచింది. నాటిన మొక్క నుండి పక్షి తిన్నా నాటినవారికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు కనుక, ఇచ్చేవారికి నచ్చజెప్పడం కష్టం కాలేదు. మాలో ఒక వితంతువుకు మాత్రం జకాత్ నేరుగా అందింది. ఆమె దానితో తోపుడు బండి కొనుక్కుని, మిగిలిన ఆకుకూర అమ్ముతోంది.

ఇప్పుడు మడులు బాగున్నాయి, పేచీ పొయ్యి దగ్గర. రంజాన్ గంజిలో మా మునగాకు, కొర్రలు వేశాం. వారానికి రెండు రోజులు అంబాడే కి భాజీ వండి ముసలివాళ్ల ఇళ్లకు పంపుతున్నాం. విత్తనానికి, కట్టెలకు, గ్యాసుకు లెక్క రాస్తాం. వండే చేతులకు ఏ పద్దూ లేదు. పుణ్యకార్యానికి కూలీ ఏమిటని కొందరు మగవాళ్ల మాట. గంజికి బియ్యం ఇచ్చిన కొట్టువాడికి మాత్రం డబ్బు అణాపైసలతో చెల్లించారు!

వంట చేసే ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. మిరపకాయల కోత మానుకుని వస్తున్నారు. వచ్చే నెల సంఘం సమావేశంలో వాళ్లకు రోజు కూలి పద్దు పెట్టమని అడుగుతాం. ఒప్పుకోకపోతే వంట వారానికి ఒక్క రోజుకు తగ్గిస్తాం. ఆ మాట చెప్పే బాధ్యత ఖాలా తీసుకుంది.