వెలిగొండకు ఒక పెట్టె

మార్కాపురం, గిద్దలూరు వైపు ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే ఫోన్ తనంతట తాను చూపించే వార్తలు చాలవు. తెరవగానే సినిమా, క్రికెట్, హైదరాబాద్ రాజకీయం.

మనకు కావలసిన వార్తలు మనమే పేర్చుకునే పేజీ ఐగూగుల్ 2013 నవంబరులో మూతపడింది, గుర్తుందా? అందులో ఏ పత్రిక పెట్టె ఎక్కడుండాలో మనమే పెట్టుకునేవాళ్లం. నెట్‌వైబ్స్ కూడా అలాంటిదే, నాకు ఇంకా నచ్చేది, వార్త ఆ పేజీలోనే తెరుచుకునేది. తెలుగు బ్లాగులకు వీవెన్ గారి కూడలి ఉండేది. అది అందరికీ ఒకటే పేజీ, కానీ కొత్త టపా పైన, పాతది కింద, అంతే. ఆ వరస ఎంత హాయో!

ఇప్పుడు అలాంటి పేజీకే స్టార్ట్.మీ వాడుతున్నా. ప్రోటోపేజ్ కూడా మంచిదే, పాత ఐగూగుల్ పోలికలు దాంట్లోనే ఎక్కువ. దేంట్లోనైనా పని ఒకటే: గూగుల్ అలర్ట్స్‌లో "వెలిగొండ", "కంభం చెరువు", "నడికుడి శ్రీకాళహస్తి" (రైలు మార్గం) అని తెలుగులో కొట్టి, మెయిల్ బదులు ఆర్ఎస్ఎస్ ఫీడ్ ఎంచుకుని, ఆ లింకు పేజీలో అతికించాలి. "మార్కాపురం", "మార్కాపూర్" రెండూ విడివిడిగా పెట్టండి, పత్రికలు రెండు రకాలుగానూ రాస్తాయి.

వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో. నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కోటి 18.8 కిలోమీటర్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లకు వాటి గుండా కృష్ణా నీళ్లెప్పుడొస్తాయో, సుంకేసుల, గొట్టిపడియ ముంపు కుటుంబాలకు పరిహారం ఎంతవరకొచ్చిందో నాకు రోజూ పొద్దున్నే కనబడాలి. అందుకే వెలిగొండ పెట్టె అన్నిటికన్నా పైన పెట్టాను.

కనిగిరి, యర్రగొండపాలెం వాళ్లు ఇంకే మాటలు పెట్టాలో చెప్పండి. కలిపి, పేజీ లింకు ఇస్తాను.