పట్టా చేతికొచ్చాక

స్నాతకోత్సవంలో నల్లగౌను తొడుక్కొని పట్టా అందుకున్న విద్యార్థి చదివిన శాస్త్రంలోనే జీవితాంతం స్థిరపడతాడని తల్లిదండ్రులు ఆశించడం సహజమే గాని, విశ్వవిద్యాలయాల చరిత్ర ఆ ఆశను అంతగా బలపరచదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో గణితం ఎం.ఏ. ముగించిన కల్యంపూడి రాధాకృష్ణరావు కలకత్తా వెళ్లింది సైనిక సర్వే విభాగంలో కొలువు కోసం. అది దొరకకపోగా, అక్కడి భారతీయ గణాంక సంస్థలో శిక్షణ పొందుతున్న ఒకరు పరిచయం కాగా, 1941లో రావు ఆ సంస్థలో చేరారు.

1944లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన పాఠం చెబుతుండగా, నమూనా, అంటే మొత్తానికి బదులుగా పరిశీలనకు తీసుకున్న కొద్దిభాగం, చాలా పెద్దదైనప్పుడు వర్తించే, గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చూపిన ఫలితం చిన్న నమూనాలకూ నిలుస్తుందా అని వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి అడిగారు. సిలబస్ పూర్తిచేయడమే బోధన అనుకునేవారికి అది కాలహరణంగా తోచేది. రావు మాత్రం ఆ రాత్రే కూర్చొని జవాబు సాధించారు. సగటున అసలు విలువనే చూపే అంచనా ఎంత నేర్పుగా కట్టినా, దాని చెదురుబాటు ఒక హద్దుకన్నా తగ్గదని చెప్పే ఆ ఫలితం 1945లో అచ్చయి, క్రామర్-రావు అసమానతగా ప్రసిద్ధమైంది. ప్రశ్న వేసిన దాండేకరేమో ఆర్థికవేత్తయి, నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో భారతదేశంలోని పేదరికంపై పేరుమోసిన అధ్యయనం వెలువరించారు.

రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి పట్టిన పని మరీ విచిత్రం. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలను కేంబ్రిడ్జి మ్యూజియంలో ముందేసుకొని, ఒక్కో కొలతను విడిగా గాక అన్నింటినీ కలిపి లెక్కగట్టి, ఆ ప్రాచీనులు ఏ జనసమూహాలకు దగ్గరివారో తేల్చడం గణిత పట్టభద్రుడి వంతయింది; 1948లో ఫిషర్ పర్యవేక్షణలో పొందిన పీహెచ్‌డీకి మూలం ఆ ఎముకల లెక్కలే.

దారి మారినవారిలో రచయితలూ ఉన్నారు. కథకుడు కొడవటిగంటి కుటుంబరావు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరిన భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. ఆర్థికమాంద్యం దెబ్బకు మధ్యలోనే ఆగిపోయింది. 1952 నుంచి చివరిదాకా ఆయన కొలువు పిల్లల పత్రిక చందమామలో. ఈనాడు సివిల్ చదివినవారూ మెకానికల్ చదివినవారూ హైదరాబాదులోని అమీర్‌పేటలో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో చేరుతున్నారని పెద్దలు నొచ్చుకుంటారు గాని, దారి మార్చుకోవడంలో తప్పేమీ లేదు. ఇందరూ ఒకే దారికి మళ్లడమే విచారించదగ్గది.

కొలువులోనే కాదు, పరిశోధనలోనూ అలవాటైన దారి విడవవలసి రావచ్చు. పరిశోధన అనగానే గ్రంథాలయమో ప్రయోగశాలో తలపుకొస్తుంది. కానీ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయాలపై సిద్ధాంత గ్రంథం, అంటే పీహెచ్‌డీ కోసం సమర్పించే పరిశోధన రచన, తలపెట్టినప్పుడు ఆయనకు కావలసిన ఆకరాలు తిరగళ్ల దగ్గరా, నాట్లు వేసే మళ్లలోనూ జనం నోళ్లలో ఉన్నాయి. 1958లో ఆ గ్రంథం అచ్చయింది. తరువాతి తరాల విద్యార్థులకు ఊళ్లు తిరిగి పాటలు రాసుకురావడం పరిశోధనలో భాగమే అయింది.