రూర్కెలా మైదానాల్లో రెండు రోజులు

చాలా ఏళ్ల తరవాత పుట్టింటి ఊరికి బయల్దేరాను. పుట్టిల్లంటే అక్కడ ఇల్లేమీ లేదు. నాన్నగారు రిటైరవగానే స్టీలు ప్లాంటు వారి క్వార్టరు ఖాళీ చేసి శ్రీకాకుళం వెళ్లిపోయారు. అయినా పెరిగిన ఊరి మీద మమకారం ఎక్కడికి పోతుంది? పైగా ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు “అమ్మమ్మా, ఆ పెద్ద హాకీ స్టేడియం చూపించవూ?” అని ఏడాదిగా ప్రాణం తీస్తోంది. దసరా సెలవులిచ్చారు. రాయగడలో ధన్‌బాద్ వెళ్లే బండి ఎక్కాం. టిట్లాగఢ్, సంబల్‌పూర్, ఝార్సుగూడ మీదుగా రూర్కెలా చేరాం.

తెలియనివారి కోసం ఊరి గురించి నాలుగు మాటలు. శంఖ, కోయెల్ అనే రెండు నదులు వేదవ్యాస్ దగ్గర కలిసి బ్రాహ్మణి అవుతాయి. అక్కడికి దగ్గర్లోనే, కొండల నడుమ, జర్మనీ వారి సాయంతో ఉక్కు కర్మాగారం కట్టారు. 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు ఎంతోమంది ఆ కొలువులకి వచ్చి, సెక్టార్లలో కాపురాలు పెట్టి, సంక్రాంతికి గొబ్బెమ్మలు కూడా అక్కడే పెట్టుకున్నారు. మా నాన్నగారు వాళ్లలో ఒకరు.

మొదటిరోజు స్టేడియం చూశాం. బిజూ పట్నాయక్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. పేరు బిర్సా ముండా స్టేడియం. 2023 జనవరి 5న ప్రారంభించారు. 20,000 మందికి పైగా కూర్చోవచ్చు. ఆ నెలలోనే పురుషుల ప్రపంచ కప్పు ఆటలు ఇక్కడ జరిగాయి. 2024 ఫిబ్రవరిలో ప్రో లీగ్ పోటీలకి మన మహిళల జట్టు కూడా ఇక్కడికి వచ్చి ఆడింది. మేం వెళ్లిన రోజు ఆటలేమీ లేవు. గేటు బయటినుంచే తల పైకెత్తి చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగాం.

దారిలో మనవరాలు అడిగింది: “అమ్మమ్మా, నువ్వు చిన్నప్పుడు హాకీ ఆడేదానివా?”

“లేదమ్మా” అన్నాను. ఎందుకు లేదో చెప్పడానికి కొంచెం సమయం పట్టింది.

నేను చదివిన బడిలో ప్రతి విద్యార్థి దగ్గరా ఆటల ఫీజు వసూలు చేసేవారు. మగపిల్లవాడికి ఎంతో ఆడపిల్లకీ అంతే. పైసా తగ్గించేవారు కాదు. ఆ డబ్బుతో ఫుట్‌బాల్, హాకీ కర్రలు, వలలు, మగపిల్లలకి చొక్కాలు వచ్చేవి. మైదానం వాళ్లది. మాకు సైకిలు స్టాండు పక్కన కాస్త జాగా, రెండు స్కిప్పింగు తాళ్లు, ఒక టెన్నికాయిట్ రింగు. ఆ రింగు గోడ అవతల పడి పోతే, ఇక ఆ ఏడాదికి ఆట అయిపోయినట్టే. ఒకసారి ధైర్యం చేసి మాకూ హాకీ కర్రలిమ్మని మాస్టారిని అడిగాను. “ఆడపిల్లవి, నీకు కర్రెందుకమ్మా? చీపురు చాలదూ?” అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఏడ్చాను. అప్పటికి ఏడుపే తెలిసింది కానీ, “మరి మేం కట్టిన ఫీజు ఏమైందండీ?” అని అడగాలని తోచలేదు.

చిత్రమేమిటంటే, టౌన్‌షిప్పు దాటి పల్లెల వైపు వెళ్తే ఆడపిల్లలు హాకీ ఆడుతూ కనిపించేవారు. ఉట్టి కాళ్లతో, వెదురు కర్రలతో, మట్టిలో. ఒరాన్, ముండా, ఖడియా వాళ్ల పల్లెల్లో ఇప్పటికీ పోటీలు పెడతారు. గెలిచిన జట్టుకి మేకపోతు బహుమానం. దాన్ని ఖస్సీ అంటారు కనక అవి ఖస్సీ పోటీలయ్యాయి. ఆడవాళ్ల జట్లూ ఆడతాయి. ఫీజు లేని చోట ఆడపిల్లకి ఆట ఉంది, ఫీజు కట్టిన చోట మాకు లేదు!

ఆ మట్టి ఆట ఊరికే పోలేదు. మన మహిళల హాకీ జట్టు 1980 మాస్కో ఒలింపిక్స్ తరవాత 36 ఏళ్లకి, 2016లో రియోకి వెళ్లింది. అందులో దీప్ గ్రేస్ ఎక్కా, నమితా టోప్పో, సునీతా లాక్రా, లిలిమా మింజ్ నలుగురూ ఈ సుందర్‌గఢ్ జిల్లా వాళ్లే. 2021లో టోక్యోలో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడు దీప్ గ్రేస్ జట్టులో ఉంది.

రెండోరోజు పొద్దున్నే పాన్‌పోష్ వెళ్లాం. అక్కడి ప్రభుత్వ స్పోర్ట్స్ హాస్టల్లో ఆడపిల్లలూ హాకీ నేర్చుకుంటారు. ఇందాక చెప్పినవాళ్లలో కొందరు అక్కడ తయారైనవాళ్లే. పిల్లలు ప్రాక్టీసు చేస్తుంటే గట్టు మీద కూర్చున్నాం. పక్కన ఒకావిడ కూతుర్ని చూసుకోవడానికి పల్లె నుంచి వచ్చింది. నాకొచ్చిన ఒడియాలో మాట కలిపాను. “ఆట మా ఊళ్లోనే నేర్చుకుందమ్మా. ఇక్కడ తిండి, బూట్లు, పడుకోడానికి మంచం ఇచ్చారు. అవి లేకపోతే ఈపాటికి పెళ్లి చేసేసేవాళ్లం” అంది, ఏ దాపరికమూ లేకుండా.

నాకు ఆ మాటలో పెద్ద లెక్క కనిపించింది. హాకీ ఇప్పుడు మట్టి ఆట కాదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద పోటీలకి కృత్రిమ మైదానాలు వచ్చాయి. ఆటకి ముందు నీళ్లు చల్లి తడుపుతారు. తడి మీద బంతి సాఫీగా, వేగంగా పోతుంది. మట్టిలో నేర్చినవాళ్లకి ఆ వేగం పట్టుబడడానికి రోజులు పడుతుంది. జిల్లాలోని 17 బ్లాకుల్లోనూ ఇలాంటి మైదానాలు వెయ్యాలని ఒడిశా ప్రభుత్వం పథకం పెట్టుకుంది. దీనివల్ల ఎక్కువ మేలు ఆడపిల్లకే అని నా నమ్మకం. ఎందుకంటే మైదానం ఇరవై మైళ్ల దూరంలో ఉంటే మగపిల్లవాడు సైకిలేసుకుని పోతాడు. ఆడపిల్లని ఏ తల్లి పంపుతుంది? దగ్గర్లో మైదానం, బట్టలు మార్చుకోడానికి గది, మరుగుదొడ్డి, సాయంత్రం దీపాలు, ఇంటికి చేర్చే బస్సు ఉంటే పంపుతుంది. ఇవేవీ లేకుండా “మైదానం అందరిదీ” అంటే అది మగపిల్లలదే అయిపోతుంది.

ప్రభుత్వాన్ని మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి. 2018లో ఒడిశా దేశపు హాకీకి స్పాన్సరు అయినప్పుడు పురుషుల జట్టుతోపాటు మహిళల జట్టునీ తీసుకుంది. కానీ అన్నిచోట్లా అలా లేదు. పురుషుల హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలైతే, మహిళల లీగ్ 2025 జనవరి దాకా మొదలవలేదు. ఆ మొదటి ఏడు ఆటగాళ్లని కొనుక్కోడానికి పురుషుల జట్టుకి 4 కోట్లు, మహిళల జట్టుకి 2 కోట్లు. సగానికి సగం! ఆ తొలి మహిళల కప్పు ఒడిశా పేరున్న జట్టే గెలుచుకుంది.

ఇదంతా మనవరాలికి ఆవేశంగా చెప్పుకొచ్చాను. అది అంతా విని, “మరి మన సంఘంలోనో అమ్మమ్మా?” అంది.

నా నోట మాట రాలేదు. మా ఊళ్లో మన తెలుగువాళ్ల సంఘం ఏటా సంక్రాంతికి ఆటల పోటీలు పెడుతుంది. మగపిల్లలకి మూడు రోజుల క్రికెట్. గ్రౌండు అద్దె, బంతులు, టోపీలు, అంపైర్లకి భోజనాలు, రోలింగ్ కప్పు. ఆడపిల్లలకి ముగ్గుల పోటీ, మ్యూజికల్ చైర్లు. ముగ్గుపిండి పిల్లలే తెచ్చుకోవాలి. బహుమతిగా స్టీలు గిన్నె. ముగ్గు తక్కువదని నేననను. మా అమ్మ దగ్గర నేర్చుకున్న మెలిక ముగ్గులు ఇప్పటికీ నా వేళ్ల చివరనే ఉన్నాయి. కానీ పరుగెత్తాలని ఉన్న పిల్లకి గిన్నె ఇచ్చి కూర్చోబెట్టడం ఏం న్యాయం? చందా ఇంటికింతని వసూలు చేస్తాం. ఆడపిల్లలే ఉన్న ఇల్లయినా తగ్గించం. పన్నెండేళ్లు కమిటీలో ఉండి, ఆ లెక్కల కింద సంతకాలు పెట్టినదాన్ని నేనే. చీపురు మాట అన్న మాస్టారిని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను గానీ, నేను చేసిందేమిటి?

తిరిగి రాగానే మా కార్యదర్శి గారికి ఒక ఉత్తరం ఇచ్చాను. రెండే కోరికలు. ఒకటి, ఖర్చుల పుస్తకంలో “ఆటలు” అనే పద్దుని ఆడపిల్లలకింత, మగపిల్లలకింత అని రెండుగా రాయాలి. రెండు, సంక్రాంతి మూడు రోజుల్లో ఒక పూర్తి రోజు గ్రౌండు ఆడపిల్లలకివ్వాలి. ఏ ఆటో వాళ్లే చెబుతారు. “గ్రౌండు ఇస్తే సరే, వచ్చేదెవరండీ?” అన్నారాయన, మర్యాదగానే. ఇప్పటికి పదకొండు మంది పేర్లిచ్చారు. మా మనవరాలు ఇల్లిల్లూ తిరుగుతోంది.

ఇతర ఊళ్లలో ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్లకి, అన్నదమ్ములకి ఒక మనవి. మీ సంఘం ఖర్చుల పుస్తకం ఒకసారి తెరిచి, ఆటల పద్దు చూడండి.