దానిమ్మ తొక్క కషాయం

గుంటూరు జిల్లాలో మిరప కోతలు ముగిసే రోజులవి. అరవై దాటిన పెద్దమ్మను కొడుకు చెయ్యి పట్టుకుని మా ఆసుపత్రికి నడిపించుకొచ్చాడు. కంటి కింది రెప్ప లాగి చూస్తే సున్నంలా తెల్లగా ఉంది. నాలుగడుగులకే ఆయాసం. "విరేచనం ఏ రంగులో అవుతోందమ్మా?" అని అడిగితే తల దించుకుంది. కొడుకు బయటికి వెళ్ళాక చెప్పింది: "తారులాగా నల్లగా, జిగటగా అవుతోందయ్యా, పది రోజుల్నుంచీ."

హిమోగ్లోబిన్ 6. వెంటనే రక్తం ఎక్కించాం. ఎండోస్కోపీలో జీర్ణాశయం కింది భాగంలో లోతైన పుండు, దాని అడుగున నల్లటి రక్తపు మరక కనిపించాయి.

ఆమె చేతిసంచిలో రెండు పొట్లాలున్నాయి. ఒకదాంట్లో మోకాళ్ళ నొప్పులకు చీటీ లేకుండా కొన్న డైక్లోఫెనాక్ బిళ్ళలు. రోజుకు రెండు చొప్పున ఆరు నెలలుగా వేసుకుంటోంది. రెండోదాంట్లో ఎండబెట్టిన దానిమ్మ తొక్కలు. కడుపులో మంటకు వాటితో రోజూ పొద్దున్నే కషాయం కాచుకుంటోంది. "మా అత్త చెప్పిన మందయ్యా. తాగితే కాస్త చల్లబడుతుంది" అంది.

ఆ తొక్కల్ని అవతల పారెయ్యమని నేను అనలేదు. దానిమ్మ తొక్క, ఉసిరికాయ, కరక్కాయ, టీ డికాక్షన్, వీటన్నిటి వగరుకూ మూలం టానిన్లు. మొక్కలు తయారుచేసుకునే పాలీఫినాల్స్‌లో ఇవొక రకం. వగరు తగలగానే నాలుక బిగుసుకున్నట్టు ఎందుకవుతుంది? టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి కాబట్టి. జీర్ణాశయం లోపలి జిగురుపొరనూ ఇవి ఇలాగే గట్టిపరుస్తాయని పరిశోధకుల ఆలోచన. పచ్చి అరటికాయలో ల్యూకోసయనిడిన్ అనే పాలీఫినాల్ ఉంది. ఆస్పిరిన్ ఇచ్చిన ఎలుకల జీర్ణాశయాన్ని అది కాపాడింది. టీలోని క్యాటెచిన్లు, పసుపులోని కర్క్యుమిన్ మీదా ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను ఈ పాలీఫినాల్స్ అణచగలవు. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను ప్రయోగశాలలో పెరగనివ్వకుండా చేయగలవు.

అయితే ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో ఎలుకకు మొక్క సారాన్ని ముందుగా ఇస్తారు, పుండు పుట్టించే మందు ఆ తర్వాత ఇస్తారు. ఈ పెద్దమ్మ కడుపులో జరిగింది వేరు. జిగురునూ, ఆమ్లాన్ని విరిచే క్షారాన్నీ ఊరించేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి బిళ్ళ వాటినే తగ్గించేస్తుంది. రోజూ గట్టు తెంపుకుంటూ, తెగినచోట గుప్పెడు మట్టి వేసినట్టయింది ఆమె కషాయం.

దీనికి తోడు, పుండు దగ్గర తీసిన చిన్న ముక్కను పరీక్షలో పెడితే పసుపు రంగు గులాబీకి మారింది. పైలోరీ కూడా ఉందన్నమాట. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ ఈ బాక్టీరియానే 1984లో తానే తాగి జీర్ణాశయం వాపు తెచ్చుకున్నాడు. ఆయనకూ రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. కడుపు పుండంటే కారమూ దిగులూ అనుకునే రోజులు వాళ్ళతో పోయాయి. నొప్పి బిళ్ళలు మాన్పించి, పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్స్, వాటితోపాటు ఆమ్లం తగ్గించే మందు ఇచ్చాం. రెండు నెలలకు పుండు మానింది.

కానీ రక్తం పెరగలేదు. ఐరన్ బిళ్ళలు తప్పకుండా వేసుకుంటున్నానంది. దేంతో అని అడిగాను. "పొద్దున కషాయంతోనేనయ్యా, దాని వెనకే టీ." మర్నాడు కాస్త కషాయం తెప్పించి, గాజు గ్లాసులో పోసి, ఐరన్ బిళ్ళ ఒకటి నలిపి కలిపాను. చూస్తుండగానే సిరాలా నల్లబడింది. "ఉసిరికాయ కత్తిపీటతో కోసినప్పటి రంగయ్యా ఇది!" అందామె. నిజమే. కరక్కాయతో, ఇనుముతో సిరా చేసుకున్న కాలం మనకుంది. టానిన్లు ఇనుమును అలా పట్టేసి ఒంటబట్టనివ్వవు. కడుపుకు మేలు చేస్తుందనుకున్న వగరే రక్తం పట్టకుండా అడ్డుపడింది. బిళ్ళకు, కషాయానికి మధ్య రెండు గంటలు ఎడం పెట్టించాను. తర్వాతి నెలకు హిమోగ్లోబిన్ కదిలింది.

మొక్కల మందుకు బలం లేదనుకోవడమూ పొరపాటే. కడుపుమంటకని నెలల తరబడి అతిమధురం పొడి తిన్న మాష్టారొకాయన కాళ్ళవాపుతో, విపరీతమైన బీపీతో వచ్చారు. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పడిపోయింది. అతిమధురం వేరులో పాలీఫినాల్స్ ఉన్నాయి, కానీ ఈ పని వాటిది కాదు, గ్లైసిరైజిన్‌ది. 1960లలో దాని నుంచే కార్బెనాక్సలోన్ అనే అల్సర్ మందు చేశారు. పుండ్లు మానేవి, కానీ ఇవే బాధలు వచ్చేవి. అంతకంటే మంచి మందులు రాగానే దాన్ని పక్కన పెట్టారు.

ఉసిరికాయ పచ్చడి, అరటికాయ కూర, దానిమ్మ పండు నిశ్చింతగా తినండి. కషాయమో పొడో రోజూ వాడుతుంటే, డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి. మోకాళ్ళకని నొప్పి బిళ్ళ సొంతంగా వారాల తరబడి మింగకండి. తారులాంటి విరేచనం ఒక్కసారి అయినా కషాయం కాచుకుంటూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.