పర్వతంపై తెల్లని ధూమం

తర్కశాస్త్రం అభ్యసించే విద్యార్థికి మొదట ఎదురయ్యే ఉదాహరణ పర్వతమే. దూరాన కొండమీద పొగ కనబడుతుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటశాలలో చూచి ఎరిగినవాడు, ఆ కొండపై అగ్ని ఉన్నదని నిశ్చయిస్తాడు. పర్వతం పక్షం, అగ్ని సాధ్యం, ధూమం హేతువు. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు ఆంధ్రుడే కనుక ఈ పాఠం తెలుగునేలకు పిత్రార్జితం వంటిది. హిమాలయాలలో మరొక ధూమం ఉంది. అది తెల్లనిది, శీతలమైనది. దాని అర్థం ఎరుగనివాడికి అది ప్రాణాంతకం.

నందికొండ వంటి చోట, కృష్ణాతీరాన, ఎండకు కాగే బండల నడుమ పెరిగినవారికి హిమం పురాణవర్ణనలలోని వస్తువు. అయినా అది ఇప్పుడు దూరపు మాట కాదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని భువనగిరి శిలపై శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. వారు టిబెట్ వైపునుండి ఎక్కారు. అంతకు ఐదు వారాల ముందు, ఏప్రిల్ 18న, అదే పర్వతపు నేపాల్ పార్శ్వంలో మంచుగడ్డలు విరిగిపడి 16 మంది నేపాలీయులు మరణించారు. నేడు సెలవులలో హిమాలయపు బాట పట్టే తెలుగు యువత తక్కువేమీ కాదు. వారికి ఈ అనుమానప్రక్రియ పరీక్షలో వ్రాసే సమాధానం కాదు, ప్రాణరక్ష.

విరిగిపడే మంచుగడ్డ మాట వేరు, గాలి పేర్చిన మంచు మాట వేరు. కల్లంలో తూర్పారబట్టే రైతుకు వాయుధర్మం తెలుసు. గాలి వేగంగా వీచినచోట ఎత్తుకుపోతుంది, మందగించినచోట దించుతుంది. గోడచాటున పొట్టు పోగుపడేది అందుకే. శిఖరరేఖపై జరిగేదీ ఇదే. గాలి తగిలే పార్శ్వంనుండి లేచిన మంచురేణువులు ఒరుసుకొని, నలిగి, చాటు పార్శ్వంలో దట్టంగా పేరుకొని పలకవలె బిగుస్తాయి. ఆకాశంనుండి ఒక్క రేణువూ రాలకుండా, నిర్మలమైన ఎండలోనే, కొన్ని గంటలలో ఆ వాలుపై పెనుభారం పడుతుంది. దాని క్రింద పంచదారవలె ఒకదానికొకటి అంటుకోని పాత రేణువుల పొర ఉంటే, ఒక మనిషి అడుగు చాలు. ఆ పొర కూలుతుంది, పగులు క్షణంలో వాలంతా ప్రాకుతుంది, పలక మొత్తం జారుతుంది. 30 మొదలు 45 డిగ్రీల వాలులలో ఈ ప్రమాదం అధికం.

శిఖరంపై పతాకవలె ఎగిరే మంచుధూళి ఇక్కడ హేతువు, చాటున పేరుకొన్న పలక సాధ్యం. గాలి ఉలితో చెక్కినట్లున్న చాళ్లు, శిఖరరేఖనుండి చూరువలె ముందుకు పొడుచుకువచ్చిన మంచు దానికి తోడి లింగాలు. అడుగు క్రింద డొల్లమ్రోత వినిపించినా, పాదంనుండి పగులు ముందుకు పరుగెత్తినా ఇక అనుమానంతో పని లేదు. అది ప్రత్యక్షమే, వెనుదిరగడమే కర్తవ్యం.

హేత్వాభాసాలూ అక్కడే పొంచి ఉంటాయి. “నున్నగా, గట్టిగా ఉంది కనుక పడదు” అనడం విరుద్ధహేతువు. ఆ గట్టితనం పలక లక్షణమే, చెప్పినదానికి విపరీతాన్నే సూచిస్తుంది. “ముందువారు దాటారు కనుక క్షేమం” అనడం సవ్యభిచారం. పాదముద్రలు నిలిచిన వాలుపైనా ఉంటాయి, జారబోయే వాలుపైనా ఉంటాయి. “మంచు కురవలేదు కనుక కొత్త భారం లేదు” అనడం బాధితం. శిఖరంపై ఎగిరే ధూళి కంటికి కనబడుతూ దానిని ఖండిస్తున్నది.

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండంలో, ద్రౌపది పేరు ధరించిన ద్రౌపదీ కా డాండా పర్వతంపై, శిక్షణ పొందుతున్న పర్వతారోహకుల బృందాన్ని మంచు కప్పివేసింది. 29 మందిని పోగొట్టుకొన్నాం. ఆ ఏటి మే నెలలోనే ఎవరెస్టును, మకాలూను అధిరోహించిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ వారిలో ఒకరు. ఇది వారిని తప్పుపట్టే మాట కాదు. నిన్నటి విజయం నేటి వాలుకు ప్రమాణం కాజాలదనడానికి ఇంతకన్న బాధాకరమైన దృష్టాంతం లేదు.

మహాభారతంలో పాండవులు హిమవంతానికి బయలుదేరినది తిరిగివచ్చే సంకల్పంతో కాదు, అందుకే అది మహాప్రస్థానం. తల్లిదండ్రుల ఆశీస్సులు పొంది వెళ్లే యువకుడిది యాత్ర. యాత్రకు తిరిగిరావడమూ అంగమే. మంచులో కూరుకొన్నవాడు బ్రతికే అవకాశం పావుగంట దాటితే వేగంగా క్షీణిస్తుంది. కనుక సంకేతయంత్రం, శోధించే కడ్డీ, పార వెంట ఉండాలి, అనుమానం కలిగిన వాలును దాటకతప్పనప్పుడు ఒక్కొక్కరుగా దాటాలి. అన్నిటికన్న ముందు, దాటకుండా మరలగల బుద్ధి ఉండాలి. ఈశ్వరునిపై భారం వేయడమంటే ఆయన ప్రసాదించిన ఆ బుద్ధిని ఇంటివద్ద విడిచిరావడం కాదు.