కరువు పాటకు చిందులు

పిల్లలూ, ఒక చిన్న పని చేసి చూడండి. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒకే వేగంతో మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతూ, ఒకటికీ అయిదుకూ కాలితో నేలను తట్టండి. అది కుదిరాక, ఒకటికీ నాలుగుకూ చప్పట్లు కొట్టండి. తమాషాగా లేదూ? కాలు నేలకు ఆనబోయే ముందే చప్పట మోగి, ఎవరో వెనకనుంచి తోసినట్టుగా వుంటుంది. మీరు ఇప్పుడు వేసినది బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలో పుట్టిన "బయావ్" అనే నాట్యపు తాళం.

దీనికి మూడే వాయిద్యాలు కావాలి. మొదటిది "జబుంబా" అనే డోలు. పైచర్మాన్ని మెత్తని తల గల కర్రతో కొడితే "ధుమ్" అంటుంది. మీరు చప్పట్లు కొట్టిన చోటనే ఆ "ధుమ్" పడుతుంది. అడుగు చర్మాన్ని సన్నని పుల్లతో కొడితే "చట్" అంటుంది. రెండవది ఇనప త్రికోణం. దాన్ని పట్టుకున్న వేళ్ళు మూస్తే "టిక్", తెరిస్తే "టింగ్". మూడవది "సాన్ఫోనా" అనే అకార్డియన్. ఇది మన హార్మోనియానికి దగ్గర చుట్టమే. రెండింటిలోనూ తిత్తి నుంచి వచ్చే గాలికి సన్నని లోహపు నాలుకలు అదిరి స్వరాలు పలుకుతాయి.

నేను మొదట విన్న బయావ్ పాట పేరు "అజా బ్రాంకా". దాన్ని లుయీజ్ గొంజాగా అనే గాయకుడు 1947లో రికార్డు చేశాడు. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. అయినా కాలు ఆగలేదు. ఎవరూ చూడటం లేదు గదా అని నాలుగు చిందులు కూడా వేశాను.

తరవాత పాటకు అర్థం తెలుసుకుని సిగ్గుపడ్డాను. అది కరువు పాట! చేలు ఎండిపోయాయి. గుర్రం దాహంతో చచ్చిపోయింది. చివరకు అజా బ్రాంకా, అంటే "తెల్ల రెక్క" అనే పావురం సైతం ఎగిరి వెళ్ళిపోయింది. ఇక ఆ రైతు కూడా, వానలు పడితే తిరిగి వస్తానని తనకు ఇష్టమైన పిల్లకు మాట ఇచ్చి, వూరు విడుస్తాడు. ఇంత దుఃఖానికి చిందులు వేయడం తప్పు కాదా?

కాని ఆ ప్రాంతం వాళ్ళే ఆ పాటకు ఆడతారు! జూన్ నెలలో సెయింట్ జాన్ పండుగకు మంటలు వేసి, మొక్కజొన్న వంటకాలు తిని, జంటలు జంటలుగా ఆడతారు. ఇందుకు కారణం గొంజాగా కథలో దొరికింది.

ఆయన 1912లో ఎషు అనే చిన్న వూళ్ళో పుట్టాడు. తండ్రి సాన్ఫోనా వాయించేవాడు, చెడిపోయినవి బాగుచేసేవాడు. పెద్దవాడయాక గొంజాగా రియో నగరం చేరి, పరాయి దేశాల నాట్యగీతాలు వాయించి పొట్టపోసుకున్నాడు. ఒకనాడు తన వైపు నుంచి వచ్చిన విద్యార్థులు కొందరు, మన వూరి పాట వాయించమని ఆయన్ను అడిగారు. ఆయన వాయించాడు, ఆయన జీవితమే మారిపోయింది. కరువుకు వూరు విడిచి, కూలికోసం దక్షిణాది నగరాలకు వచ్చిన వేలాది మందికి, ఆ డోలూ త్రికోణమూ వినబడగానే తమ వూరి పండుగ కళ్ళకు కట్టేది. వాళ్ళ బాధ పాట మాటల్లో వున్నది. వాళ్ళ వూరు తాళంలో వున్నది. కరువు వాళ్ళ పైరునూ పశువులనూ తీసుకుపోయింది గాని, ఆ తాళాన్ని తీసుకుపోలేకపోయింది.

మరో సంగతి. బ్రెజిల్ ఈశాన్యాన 1877 నుంచి 1879 దాకా ఘోరమైన కరువు వచ్చింది. దాదాపు అదే కాలంలో, 1876 నుంచి 1878 దాకా, మన రాయలసీమలో ధాత కరువు వచ్చింది. పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలుకంటె వేడెక్కడాన్ని "ఎల్ నినో" అంటారు. ఆ రెండు కరువులకూ అదే ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు. అందుచేత ఆ రైతు మనకు బొత్తిగా పరాయివాడు కాదు.

1950లో గొంజాగా ఆ పాటకు తరవాయి కూడా పాడాడు. అందులో వానలు పడతాయి, పావురం తిరిగి వస్తుంది. రెండు పాటలూ వినండి. కాళ్ళు కదిలితే కదలనివ్వండి. నేనైతే ఇప్పుడు సిగ్గుపడటం లేదు.